సీసాలోని ఉప్పునీరు: వాంతిభేది నేర్పిన పాఠము



నేను ప్రసంగింపబూనినది చరిత్రయే గాని రాజుల చరిత్ర గాదు, యుద్ధముల చరిత్రయు గాదు. బెజవాడ మొదలు బందరు వఱకు ఏ ఊరి వైద్యశాలకు పోయినను, మంచము తలాపున కొక్కెమునకు వ్రేలాడుచు కనబడు ఒక సీసా చరిత్ర. దానిని మనవారు కొందఱు సెలైను అందురు, కొందఱు గ్లూకోజు అందురు. రెండును ఒకటియే యనుకొనువారు పెక్కుమంది. "నీరసముగా నున్నది, ఒక సీసా ఎక్కించండి డాక్టరుగారూ" అని మనమే అడిగి పెట్టించుకొనుట పరిపాటియైనది. నేను వైద్యుడను గాను. బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి నొందిన పండితుడను. అయినను ఒక వస్తువు ఎట్లు పుట్టినదో తెలిసినచో దానిని ఎప్పుడు కోరవలయునో, ఎప్పుడు వలదనవలయునో తెలియునని నా నమ్మకము.

ఈ సీసాకు తల్లి వాంతిభేది. దానిని మన ప్రాచీన వైద్యులు విసూచిక యనిరి. సూచి యనగా సూది. అవయవములను సూదులతో పొడిచినట్లు బాధించును గావున ఆ పేరు వచ్చినదని వ్యుత్పత్తి. చరకసంహిత విమానస్థానమున దీని ప్రస్తావన గలదు. మన పల్లెలలో దీనిని మరిడి యనిరి. మరిడమ్మకు జాతరలు చేసిరి. నిన్నటి సాయంకాలము పొలమునుండి నడచి వచ్చినవాడు నేటి ఉదయమునకు కన్నులు గుంటలు పడి, గొంతు పోయి, వ్రేళ్ల చర్మము నానిన బట్టవలె ముడుతలు పడి శవప్రాయుడగుట చూచిన జనులు దానిని దేవతాగ్రహమనుకొనుటలో వింత లేదు.

1817లో వంగదేశమున జెస్సోరు ప్రాంతమునుండి విజృంభించిన ఈ వ్యాధి, మఱుసటి సంవత్సరము తూర్పుతీరము వెంబడి దిగి మద్రాసు చేరెను. ఆ దారిలోనివే మన ఉత్తర సర్కారులు. ఇది నీటి వెంట నడచు వ్యాధి. మన ప్రాంతము నీటితో బ్రతుకు ప్రాంతము. 1852 మొదలు 1855 వఱకు బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిన పిమ్మట బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవిస్ కాలువ పొలములకు ప్రాణము పోసినవి. ఆ కాలువ నీరే ఊరి మంచినీళ్ల చెఱువు నింపెను. ఆ నీటిలోనే పడవలు నడచినవి, బట్టలు ఉదికినవి, పశువులు దిగినవి. అన్నము పెట్టిన కాలువయే ఒక ఊరి రోగమును వేఱొక ఊరికి మోయగలిగెను. నా చిన్ననాట తిరునాళ్లకు పోవు యాత్రికులకు కలరా సూదులు పొడిచెడివారు. పిల్లలము భయపడి పారిపోవువారము. పెద్దలు చేయి చాపి నిలిచెడివారు. వారు ఆ వ్యాధిని కన్నులార చూచినవారు.

ఇప్పుడు 1832వ సంవత్సరమును జ్ఞాపకము చేసికొందము. మనకు అది నందన నామ సంవత్సరము. గుంటూరు సీమలో వానలు లేక నందన కఱవు ప్రారంభమైనది ఆ యేటనే. మఱుసటి యేటికి దారుల ప్రక్కన శవములు పడియుండెను. లక్షకు పైగా ప్రజలు నశించిరి. కఱవు ఊళ్లను తినుచున్న ఆ యేటనే, సముద్రముల కావల స్కాట్లండు దేశమున లీత్ అను రేవుపట్టణములో ఒక వైద్యుడు చేసిన సాహసము మన కథకు మొదలు.

వాంతిభేది అప్పటికి ఇంగ్లండు చేరియుండెను. విలియం బ్రూక్ ఓషానెస్సీ యను ఇరువది రెండేండ్ల ఐరిష్ యువకుడు 1831 చివర రోగుల రక్తమును పరీక్షించి, అందులో నీరు తగ్గినది, ఉప్పు తగ్గినది, క్షారము తగ్గినది అని తేల్చెను. పోయిన దానిని తిరిగి పోయవలెనని సూచించెను. ఎంత సులభమైన తర్కము! కాని ఆనాటి వైద్యులు చేయుచున్నది దీనికి తలక్రిందు. నీరు పోయి చిక్కబడిన రక్తమును నరము కోసి ఇంకను తీయుచుండిరి; పాదరసపు మందులిచ్చి ఇంకను విరేచనములు చేయించుచుండిరి. మన పల్లెలలోనూ రోగికి నీరు పోసినచో భేదులు హెచ్చునని దాహము దాహమని యేడ్చుచున్నవానికి తడిగుడ్డతో పెదవులు తుడిచి ఊరకుండెడివారు. ఈ విషయమున తూర్పు పడమరలకు భేదము లేకపోయెను.

ఓషానెస్సీ సూచనను ఆచరణలో పెట్టినవాడు లీత్ పట్టణపు టామస్ లాటా. 1832 మే నెలలో, చావు అంచున నున్న ఒక వృద్ధురాలి నరములోనికి ఉప్పు, సోడాక్షారము కలిపిన వెచ్చని నీటిని కొంచెము కొంచెముగా ఎక్కించెను. మొదట ఫలము కనబడలేదు. పిదప ఊపిరి కుదుటపడెను, కన్నులకు కాంతి వచ్చెను, పోయిన నాడి తిరిగి దొరికెను. అరగంటలో ఆమె స్పష్టముగా మాటలాడి, పరిహాసములాడి, తనకిక కొంచెము నిద్ర పట్టిన చాలుననెను. లాటా ఆమెను వైద్యశాల సర్జనుకు అప్పగించి వెడలెను. వాంతులు, భేదులు మరల పట్టుకొన్నవి. నీరు మరల ఎక్కింపలేదు. అయిదున్నర గంటలలో ఆమె మరణించెను.

ఆ ముసలమ్మ చావులో ఈ విద్య యొక్క మొదటి సూత్రమున్నది. కారిపోవు కుండను ఒకసారి నింపిన చాలదు. ఎంత కారుచున్నదో అంత పోయుచుండవలెను. లాటాకు ఇది తెలిసెను. కాని ఆయన 1833లో మరణించెను. శుద్ధి చేయని నీటితో రక్తము విషమగుటయు, ఆశ వదలిన రోగులకు మాత్రమే చికిత్స చేయుటయు వలన ఆ పద్ధతికి చెడ్డపేరు వచ్చి మూలబడెను. ఓషానెస్సీ కుంపిణీ కొలువులో కలకత్తా వచ్చి, వైద్య కళాశాలలో రసాయనము బోధించి, 1850 ప్రాంతముల మన దేశమున తంతి మార్గములు వేయించి ప్రఖ్యాతి గాంచెను. వాంతిభేదికి పుట్టినిల్లయిన వంగదేశముననే బ్రతికియు, ఆయన తన మొదటి సూచనకు మరల పోలేదు.

ఆ సూచన తిరిగి లేచుటకు సుమారు డెబ్బదియైదేండ్లు పట్టెను. అదియును కలకత్తాలోనే. లియొనార్డ్ రోజర్స్ అను వైద్యుడు ఇరువదవ శతాబ్దము మొదటి దశకములో, గాఢత హెచ్చించిన ఉప్పునీటిని రోగులకు ఎక్కించెను. ఆయన గొప్పతనము కొలతలో నున్నది. రోగి మంచము ప్రక్కన గ్లిసరిను, నీరు వేర్వేరు పాళ్లలో కలిపిన చిన్న సీసాలుంచి, రక్తపు బొట్టును అందులో విడిచి, మునుగునో తేలునో చూచి రక్తము ఎంత చిక్కబడినదో నిర్ణయించెడివాడు. దానినిబట్టి ఎంత నీరు వలయునో లెక్క. నూటికి అరువదిమంది వఱకు చనిపోవుచున్న చోట మరణములు ఇంచుమించు సగమునకు దిగినవి. ఆ కాలముననే మనీలాలో సెల్లార్డ్స్ అను వైద్యుడు, వాంతిభేదిలో రక్తము ఆమ్లత్వము పొందుననియు, సోడాక్షారము కూడ కలుపవలెననియు చూపెను. రోజర్స్ దానిని గ్రహింపగా మరణములు ఇంకను తగ్గెను.

ఇక ఏ ఉప్పు, ఎంత యను ప్రశ్న. మన ఇండ్లలో మాగాయ పెట్టువారికి ఈ శాస్త్రము తెలియకయే తెలియును. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి మూడు దినములుంచిన, ముక్కలోని నీరు ఊటగా బయటికి వచ్చి ముక్క వడలును. అట్లే పెసలను మంచినీట నానవేసిన, నీరు లోనికి పోయి గింజ ఉబ్బును. రక్తములోని ఎఱ్ఱకణముల ధర్మము నిదియే. ఉప్పు హెచ్చైన నీటిలో అవి వడలును. ఉప్పులేని నీటిలో ఉబ్బి పగులును. లీటరునకు 9 గ్రాముల ఉప్పున్న నీటిలో వడలవు, పగులవు. హాలండు దేశపు హాంబర్గర్ పందొమ్మిదవ శతాబ్దము చివర ఈ కొలత చెప్పెను. మనము నార్మల్ సెలైను అనునది ఇదియే.

కాని శరీరమునకు ఒక్క ఉప్పే చాలునా? లండనులో సిడ్నీ రింగర్ కప్ప హృదయమును ఉప్పునీటిలో నుంచగా అది కొట్టుకొనుచుండెను. కారణము విచారింపగా, సహాయకుడు బట్టీపట్టిన నీటికి మారుగా కొళాయి నీరు వాడినట్లు తెలిసెను. శుద్ధజలము వాడినంతనే హృదయము ఆగెను. కొళాయి నీటిలోని సున్నపు అంశమగు కాల్షియమే హృదయమును ఆడించినది. 1883లో రింగర్ దీనిని ప్రకటించెను. తరువాత 1932లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు బాలవైద్యుడు హార్ట్‌మన్, భేదులతో ఆమ్లత్వము పొందిన పిల్లలకై ఆ ద్రావణమున లాక్టేటును చేర్చెను. కాలేయము దానిని క్షారముగా మార్చును. సీసాపై రింగర్ లాక్టేట్ అని చదువుచున్నప్పుడు ఒక కప్ప, ఒక కొళాయి, కొందఱు రోగి శిశువులు మనకు గుర్తునకు రావలెను. 1940 తరువాత డారో అను వైద్యుడు, భేదులలో పొటాసియము కూడ పోవునని, దానిని నింపనిదే శిశువులు తేరుకొనరని చూపెను.

ఈ కథలో మన తెలుగువానికిని చోటున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కుటుంబమును స్ప్రూ యను దీర్ఘాతిసారము పీడించెను. సోదరులిద్దఱు స్వల్పకాలములో గతించిరి. ఆయన మద్రాసులో వైద్యము చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో అమెరికా చేరిరి. 1925లో ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతి వెల్లడించిరి. రక్తమునుండి తీసిన ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చిన నీలిరంగు పుట్టును. రంగెంత చిక్కనో భాస్వరమంత హెచ్చు. వారిరువురి పేర్లతో ఆ పద్ధతి లోకమంతట వ్యాపించెను. శరీరములోని లవణములను సరిదిద్దవలెనన్న ముందు కొలువవలెను. కొలుచుటకు త్రాసునిచ్చిన వారిలో మన సుబ్బారావుగారొకరు.

నేడు ఆ త్రాసు పెద్ద వైద్యశాలలలో నిమిషముల మీద ఫలితము చెప్పును. లీటరు రక్తద్రవమున సోడియము 135 మొదలు 145 వఱకు, పొటాసియము మూడున్నర మొదలు 5 వఱకు ఉండవలెను. ఈ అంకెల కొలతను మిల్లీ ఈక్వివలెంటు అందురు. వైద్యుడు ద్రవమును ఎన్నుకొనునప్పుడు తనను తాను అడుగుకొను ప్రశ్నలు స్థూలముగా ఇవి: రోగి కోల్పోయినది నీరా, ఉప్పా, రక్తమా? ఎంత కోల్పోయెను? ఇంకను కోల్పోవుచున్నాడా? గుండెయు మూత్రపిండములును ఈ బరువును మోయగలవా? భేదులతో నాడి తప్పినవానికి రింగర్ లాక్టేట్ మేలు; అది దొరకనిచో నార్మల్ సెలైను. గ్లూకోజు నీరు వానికి పనికిరాదు. ఏలయన అందలి చక్కెరను శరీరము వాడుకొన్న వెంటనే మిగులునది వట్టి నీరు. ఆ నీరు ఉప్పు తగ్గిన రక్తమును ఇంకను పలుచన చేయును. నానిన పెసలవలె మెదడు ఉబ్బి మూర్ఛలు కూడ రావచ్చును.

పొటాసియము సంగతి మఱింత సూక్ష్మము. తక్కువైనను, హెచ్చైనను గుండె లయ తప్పును. దానిని నరములోనికి సూదితో ఒక్కసారి నెట్టుట ప్రాణాంతకము. చాల ద్రవములో కలిపి, మూత్రము జారీ యగుచున్నదని చూచి, సామాన్యముగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లకు మించకుండ ఎక్కింతురు. సోడియము చాలదినములుగా తగ్గియున్నచో దానిని పెంచుటలోను తొందర కూడదు. దినమునకు 8 మొదలు 10 వఱకు మించి పెంచినచో మెదడులోని నాడీతంతువుల పైపొర చెడి, రోగి మాట, నడక కోల్పోవచ్చును. వేసవి యంతయు ఎండిన కాలువకు లాకులన్నియు ఒక్కసారి ఎత్తుదుమా? గట్లు తెగును. లాకుల కావలివాని ఓర్పే వైద్యునికి వలయును.

ఇంతవఱకు నరము మార్గము చెప్పితిని. నోటి మార్గము కనుగొనుట ఇంకను గొప్ప కథ. 1953లో కలకత్తాలో హేమేంద్రనాథ ఛటర్జీ, నోటి ద్వారా ద్రవమిచ్చి రోగులను కాపాడిన సంగతి ప్రకటించెను, లోకము పట్టించుకొనలేదు. 1959లో ఆ నగరమందే శంభునాథ డే, వాంతిభేది క్రిమి విడుచు విషమే పేగులనుండి నీటిని కార్చునని నిరూపించెను. 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు, పేగుగోడలో చక్కెరయు ఉప్పును ఒకదానిచేయి ఒకటి పట్టుకొని లోనికి పోవునని చెప్పెను. వాటి వెంట నీరు పోవును. వాంతిభేదిలో సైతము ఈ వాకిలి మూతపడదు. 1968లో ఢాకాలో నలిన్, క్యాష్ అను వైద్యులు దీనిని రోగులయందు రుజువు చేసిరి.

1971లో బంగ్లాదేశ యుద్ధమున లక్షలకొలది కాందిశీకులు వంగదేశ సరిహద్దు దాటిరి. బన్గావ్ శిబిరమున వాంతిభేది చెలరేగెను. నేలపై పడియున్న రోగులకు ఎక్కించుటకు సీసాలు చాలలేదు. దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు పొట్లములు కట్టించి, పీపాలలో నీట కలిపి, రోగుల బంధువులచేతనే గిన్నెలతో త్రాగించెను. నూటికి ముప్పదికి చేరిన మరణములు నాలుగింటికి లోపలికి దిగినవి. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లమునకు అది పెద్ద పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిర్ణయించిన పాళ్లివి: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాసియము క్లోరైడు 1.5 గ్రాములు, సోడియము సిట్రేటు 2.9 గ్రాములు. మన అవ్వలు కాచి పోసిన ఉప్పుగంజి దీనికి దగ్గఱి చుట్టము. బియ్యపు పిండిపదార్థము కడుపులో చక్కెరగా మారును గదా!

నీరున్నంత మాత్రమున దాహము తీరదని మన తీరమునకు తెలియును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను విద్యార్థిని. వేలకొలది జనులు మరణించిరి. బ్రతికినవారి చుట్టును నీరే. అందు సముద్రపు ఉప్పు కలిసినది. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పు; అంత చిక్కని మూత్రము మన మూత్రపిండములు చేయలేవు. కావున దానిని త్రాగినవాడు త్రాగినదానికంటె హెచ్చు నీరు కోల్పోవును. అంతయు పాళ్లలోనే యున్నది.

పెద్దలారా! ఈ చరిత్ర వినిపించుటకు కారణమిది. అర్ధలీటరు నార్మల్ సెలైనులో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు. బలమిచ్చునది ఏమియు లేదు. అర్ధలీటరు గ్లూకోజు సీసాలో ఉన్నది 25 గ్రాముల చక్కెర; రెండిడ్లీల పాటి సత్తువ. దీనికై నరము పొడిపించుకొని, రూకలు పోసి, గుండెజబ్బు గాని మూత్రపిండముల జబ్బు గాని ఉన్నచో ఊపిరితిత్తులలో నీరు చేరు అపాయము తెచ్చుకొనుట వివేకమా? రోహిణికార్తెలో చెమటోడ్చి సొమ్మసిల్లిన కూలివానికిని, భేదులు పట్టిన మనుమనికిని, త్రాగగలిగి యున్నంతవఱకు పొట్లపు నీరే మొదటి మందు. పొట్లము దొరకనినాడు లీటరు శుభ్రమైన నీటికి మట్టముగా ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. ఉప్పు హెచ్చరాదు. వాంతి యైనచో పది నిమిషములాగి మరల చెంచా చెంచాగా పోయవలెను. చంటిబిడ్డకు తల్లిపాలు మానరాదు.

అయితే త్రాగలేనివానికి, స్పృహ తప్పినవానికి, కన్నులు గుంటలుపడి మూత్రము బందైనవానికి, నాడి అందనివానికి ఇంటివద్ద క్షణము వ్యర్థము చేయరాదు. అప్పుడా సీసాయే ప్రాణదాత. మఱియొక మాట. రక్తపుపోటుకై మూత్రము జారీచేయు మాత్రలు వాడు వృద్ధులు హఠాత్తుగా తికమకగా మాటలాడినను, మత్తుగా పడియున్నను, ముసలితనమని సరిపెట్టుకొనకుడు. గాలి సోకినదని తాయెత్తు కట్టకుడు. రక్తములో సోడియము కొలిపింపుడు. తగ్గినచో, మెల్లగా సరిదిద్దిన మనిషి మరల మనిషి యగును.

లీత్ పట్టణపు ఆ వృద్ధురాలికి రెండవసారి నీరు పోయువారు లేకపోయిరి. మన యిండ్లలో గిన్నెయు, చెంచాయు, ప్రక్కన కూర్చుండు మనిషియు ఉన్నారు. పోయిన నీరెంతయో అంత పోయుదము, కొలిచి పోయుదము, ఓర్పుతో పోయుదము.

స్వస్తి.